బిడ్డ బరువు తక్కువగా ఉందన్నాక, 32వ వారం నుంచి 37వ వారం దాకా నాకు జరిగింది

పాపకి ఇప్పుడు ఆరు వారాలు నిండాయి. అది పడుకున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా రాస్తూ వచ్చాను. ఆ ఐదు వారాలూ నేను రాత్రుళ్లు ఫోన్‌లో వెతికింది ఇలాంటి అనుభవం కోసమే. దొరికినవి చూస్తే "దేవుడి దయవల్ల అంతా బాగా జరిగింది" అని నాలుగు ముక్కలు, లేదంటే చదివాక ఇక నిద్ర పట్టని కథలు. రోజుకి రోజు ఏం జరుగుతుందో, ఎంతసేపు కూర్చోవాలో, లోపల మనకెలా ఉంటుందో ఎవరూ రాయలేదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను.

ఆగస్టు 4, సోమవారం. సరిగ్గా 32 వారాలు. మామూలు చెకప్. బీపీ, బరువు అయ్యాక డాక్టర్ గారు టేపుతో పొట్ట కొలిచారు. ఏమీ మాట్లాడకుండా మళ్లీ కొలిచారు. 29 సెంటీమీటర్లు. ఆ నెలల్లో ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉండాలట, ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఫర్వాలేదట, మూడు తగ్గింది కాబట్టి స్కాన్ చేయించి చూద్దాం అన్నారు. అప్పటిదాకా "నీ పొట్ట ఎంత ముద్దుగా ఉందే, ఎనిమిదో నెల అంటే ఎవరూ నమ్మరు" అని అందరూ అంటుంటే నేను సంతోషపడ్డాను. ఆ మాటలన్నీ ఆ క్షణంలో వేరేలా వినిపించాయి.

స్కాన్‌కి గురువారం, ఆగస్టు 7న టైమ్ దొరికింది. గంటన్నర బయట కూర్చున్నాం, లోపల పాతిక నిమిషాలు పట్టింది. ఐదో నెల స్కాన్‌లో ఇదిగో చెయ్యి, ఇదిగో పాదం అని చూపించిన మనిషే ఈసారి నోరు విప్పలేదు. తల, పొట్ట, తొడ ఎముక, మళ్లీ పొట్ట, మళ్లీ పొట్ట. స్క్రీన్ మీద ఆ చుక్కల గీతని గుండ్రంగా లాగడం, తుడిచేయడం, మళ్లీ లాగడం. నా చెయ్యి మా ఆయన చేతిలో చెమటలు పట్టేసింది. కొలతలు తీసేటప్పుడు వాళ్లు మాట్లాడకపోవడం మామూలేనని తర్వాత తెలిసింది, మీకు ముందే తెలిస్తే కొంచెం నయం.

రిపోర్టులో ఉన్నది ఇది: బరువు సుమారు 1.6 కేజీలు, 5వ పర్సంటైల్. అంటే అన్నే వారాలున్న వంద మంది బిడ్డల్ని బరువు ప్రకారం వరుసగా పెడితే నా బిడ్డ కింద నుంచి ఐదోది. తల కొలత వారాలకి సరిపోయింది, పొట్ట చుట్టుకొలత మాత్రం రెండున్నర వారాలు వెనకబడింది. ఉమ్మనీరు 9, బాగానే ఉంది. బొడ్డుతాడులో రక్తం ఎలా పోతోందో చూసే డాప్లర్ నార్మల్.

రిపోర్టు చేతికిస్తూ అక్కడ ఒకరు, "ఏంటమ్మా, సరిగ్గా తినట్లేదా?" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను నెల రోజులు తిన్నది. ఇంటికెళ్లే దారంతా నేను ఏ రోజు ఏ పూట సరిగ్గా తినలేదో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. మర్నాడు మా డాక్టర్ గారు రిపోర్టు చూసి చెప్పింది వేరు. నా విషయంలో బిడ్డకి కావాల్సినవి అందించే మాయ (ప్లాసెంటా) ఎంత పనిచేయాలో అంత చేయట్లేదని, తల బాగా పెరిగి పొట్ట చిన్నగా ఉందంటే బిడ్డ తనకి అందేదాన్ని ముందు మెదడుకి పంపుకుంటోందని, కాలేయంలోనూ చర్మం కిందా దాచుకోవాల్సింది తగ్గించుకుంటోందని చెప్పారు. "నువ్వు చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు" అన్నారు. ఇంకోసారి చెప్పండి మేడమ్ అని అడిగాను. చెప్పారు. స్కాన్‌లో వచ్చే బరువు అంచనా మాత్రమేనని, పది పదిహేను శాతం ఎక్కువగానో తక్కువగానో ఉండొచ్చని కూడా అన్నారు గానీ ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు.

ఇక అక్కడి నుంచి నా క్యాలెండర్ మారిపోయింది. సోమ, గురువారాలు బిడ్డ గుండె వేగం గీసి చూసే ఎన్‌ఎస్‌టీ. గురువారం దాంతో పాటు డాప్లర్. రెండు వారాలకోసారి బరువు స్కాన్. రోజూ కదలికలు లెక్కపెట్టడం, పది కదలికలు రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోవడం, రెండు గంటల్లో పది రాకపోతే ఆగకుండా వచ్చేయడం.

మొదటి ఎన్‌ఎస్‌టీ ఆగస్టు 11న. నొప్పేమీ ఉండదు. పొట్ట మీద రెండు బెల్టులు కడతారు, ఒకటి బిడ్డ గుండె వినడానికి, ఇంకోటి పొట్ట బిగుసుకుంటోందేమో చూడటానికి. చేతికి ఒక బటన్ ఇస్తారు, కదిలినప్పుడల్లా నొక్కాలి. 20 నిమిషాలు అన్నారు, నాకు దాదాపు 45 నిమిషాలు పట్టింది, ఎందుకంటే బిడ్డ పడుకుంది. వాళ్లకి కావాల్సింది గుండె వేగం 110, 160 మధ్య ఉండి, 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 పెరిగి, 15 సెకన్లు నిలబడటం. లోపల బిడ్డ ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుకోవడం సహజమేనట, అందుకే లేచేదాకా ఆగుతారు. సిస్టర్ నన్ను పక్కకి తిప్పి, పొట్ట మీద చేత్తో మెల్లగా కదిపారు. కాసేపటికి కాగితం మీద గీత పైకి లేచింది. ఆ గీత లేవడం చూస్తే వచ్చే ఊపిరి ఎలాంటిదో అక్కడ పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, బెల్టు కట్టేముందే బాత్‌రూమ్‌కి వెళ్లి రండి, మధ్యలో లేస్తే మళ్లీ మొదటి నుంచి. ఫోన్ ఛార్జర్, స్వెటర్ తీసుకెళ్లండి, ఆ గదులు చల్లగా ఉంటాయి.

ఆగస్టు 14, గురువారం, 33 వారాల 3 రోజులు. డాప్లర్‌లో మొదటిసారి తేడా వచ్చింది. బొడ్డుతాడు రక్తనాళంలో రక్తం పోవడానికి నిరోధం కొంచెం ఎక్కువగా ఉంది, ప్రవాహం ఆగలేదు, వెనక్కి రావట్లేదు, కానీ ముందు వారంలా లేదు. ఒకవేళ 34 వారాల లోపే తీయాల్సి వస్తే ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు, 24 గంటల తేడాతో ఇస్తామన్నారు. మొదటిది ఆ రోజే పదకొండింటికి, రెండోది శుక్రవారం అదే టైముకి. మంట బాగానే ఉంది, పది నిమిషాలు కాలు బరువెక్కింది. సాయంత్రానికి మొహం ఎర్రబడింది, రాత్రి కన్ను మూతపడలేదు, గుండె దడదడ. ఇవన్నీ ఇంజెక్షన్ వల్లేనని ముందే చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

శనివారం రాత్రి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

పాపకి లోపల ఉన్నప్పుడు ఒక పద్ధతి ఉండేది. రాత్రి తొమ్మిదింటికి వెక్కిళ్లు, పొట్ట కింది భాగంలో ఎడమవైపు, ఒకే లయలో టుక్ టుక్ అని. అవి అయ్యాక పక్కటెముకల కింద పెద్దగా ఒక తిరుగుడు, తర్వాత తన్నులు. ఆ రాత్రి వెక్కిళ్లు రాలేదు. తొమ్మిదిన్నరకి ఎడమవైపు తిరిగి పడుకున్నాను. పదింటికి లెక్క మొదలుపెట్టాను. పదకొండుకి రెండు. పన్నెండుకి మూడు. మూడోది అసలు కదలికో నా భ్రమో తెలియదు. చల్లటి నీళ్లు తాగాను. పొట్టని తట్టాను. మా ఆయన్ని లేపలేదు, లేపితే అది నిజమైపోతుందని భయం. పన్నెండూ ఇరవైకి లేపాను. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు, "ఇంజెక్షన్లు తీసుకున్నారు కదా, దానివల్ల తగ్గుతుంది, పొద్దున్నే రండి" అని పెట్టేశారు. ఆ మాట వినగానే ఒక్క నిమిషం నాకు హాయి అనిపించింది కూడా, ఎందుకంటే వెళ్లక్కర్లేదని చెప్పారు కదా. మా ఆయన అప్పటికే చొక్కా వేసుకుంటున్నారు. "పొద్దున దాకా నేను ఉండలేను, పద" అన్నారు.

ఒంటిగంట పదికి చేరాం. బెల్టు కట్టి, ఆ పరికరం పొట్ట మీద అటూ ఇటూ జరుపుతుంటే శబ్దం రావడానికి పట్టిన టైమ్ పది సెకన్లు ఉంటుందేమో. తర్వాత గుర్రం పరిగెత్తినట్టు శబ్దం. 142. నేను అప్పటిదాకా ఏడవలేదు.

మొదటి అరగంట గీత చదునుగానే ఉంది, తర్వాత లేవడం మొదలైంది. డ్యూటీ డాక్టర్ స్కాన్ కూడా పెట్టి ఉమ్మనీరు, కదలికలు, బిడ్డ ఛాతీ ఊపిరి తీసినట్టు ఆడటం అన్నీ చూశారు. ఆ ఇంజెక్షన్ల తర్వాత రెండు మూడు రోజులు కదలికలు తగ్గడం నిజమేనట, కానీ ఆ సంగతి మెషిన్ మీద చూశాక చెప్పాలి తప్ప ఫోన్‌లో చెప్పకూడదని ఆయనే అన్నారు. మధ్యాహ్నం దాకా ఉంచుకుని పంపారు. సోమవారం ఈ ఫోన్ సంగతి మా డాక్టర్ గారికి చెప్తే ఆవిడకి బాగా కోపం వచ్చింది, నా ఫైలు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో "కదలికలు తగ్గాయంటే ఏ టైమైనా వెంటనే రమ్మనాలి" అని రాశారు. నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. రెండు గంటలకి వెళ్లమంటే నేను మొత్తం మూడు గంటలు ఆగాను. "నెలలు నిండేకొద్దీ చోటు ఉండదు, కదలికలు తగ్గుతాయిలే" అని చాలామంది చెప్పిన మాట మనసులో ఉండిపోవడం ఒక కారణం. అది నిజం కాదు. తన్నులు తగ్గి దొర్లడం, నెట్టడం ఎక్కువ కావచ్చు గానీ కదలడం తగ్గకూడదు.

మంగళవారానికి కదలికలు మామూలుకొచ్చాయి. 21వ తేదీ స్కాన్‌లో బరువు 1.93 కేజీలు, మళ్లీ దాదాపు అదే 5వ పర్సంటైల్ గీత మీద. డాప్లర్ పెరగలేదు, తగ్గలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేకపోయాను.

డబ్బుల సంగతి కూడా రాయాలి. ఒక్కొక్కటి చూస్తే పెద్ద బిల్లు కాదు, కానీ వారానికి రెండు ఎన్‌ఎస్‌టీలు, ఒక డాప్లర్, దారి ఖర్చు, ఇవన్నీ కాన్పు కోసం దాచుకున్న దాంట్లోంచే పోయాయి. రాత్రి అడ్మిట్ అయితే తప్ప మా ఇన్సూరెన్స్ ఏదీ ఇవ్వలేదు. అంతకంటే పెద్ద దెబ్బ సెలవు. 37 వారాలు దాటాక పెట్టుకుందామనుకున్న సెలవు 33వ వారం నుంచే వాడాల్సి వచ్చింది, అంటే పాపతో ఇంట్లో ఉండాల్సిన వారాల్లోంచి నాలుగు ముందే అయిపోయాయి. వీలైతే మీ ఆఫీసులో డాక్టర్ ఉత్తరంతో వైద్య సెలవు విడిగా ఇస్తారేమో ముందే అడగండి, నేను అడగలేదు.

ఇక లోపలి సంగతి. ఆ ఇంజెక్షన్ల రాత్రి పోయిన నిద్ర మళ్లీ రాలేదు. రోజూ రెండున్నరకి మెలకువ, చెయ్యి పొట్ట మీద, కదిలిందా లేదా. కదిలితే "ఎందుకింత గట్టిగా కదిలింది" అని, కదలకపోతే సరేసరి. లెక్కపెట్టాల్సింది రోజుకి ఒక్కసారి, నేను రోజంతా లెక్కపెట్టాను. నోట్‌బుక్‌లో ఆగస్టు 22న పదిహేడుసార్లు రాసి ఉంది. పాప కోసం ఒక్క బట్ట కొననివ్వలేదు. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పి పెట్టేసి, నీళ్ల పంపు తిప్పి ఏడ్చేదాన్ని. ఎవరైనా ఎలా ఉన్నావంటే బిడ్డ బరువు, ఉమ్మనీరు నంబర్ చెప్పేదాన్ని. వాళ్లకీ అదే కావాలి, నాకూ అదే తెలుసు.

ఆగస్టు 25, 35 వారాలు. ఎన్‌ఎస్‌టీ బెల్టు విప్పుతూ ఒక సిస్టర్, కొంచెం పెద్దావిడ, "బిడ్డ బాగుంది. నువ్వెలా ఉన్నావమ్మా?" అన్నారు. నేను అలవాటుగా "1.93" అన్నాను. ఆవిడ స్టూల్ లాక్కుని కూర్చున్నారు. "అది బిడ్డ. నిన్ను అడుగుతున్నా."

నా దగ్గర జవాబు లేదు. ఏడుపొచ్చింది, ఆగలేదు. ఆవిడ తలుపు మూసి, ఒక కాగితం తెచ్చిచ్చారు. గత ఏడు రోజుల్లో ఎలా అనిపించిందో పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మార్కులు పెరిగేకొద్దీ దిగులు ఎక్కువని లెక్క, ఎడిన్‌బరో స్కేల్ అంటారట. కాన్పు తర్వాత వాళ్లకి ఇచ్చేదే, కడుపుతో ఉన్నప్పుడు కూడా వాడతారు. తొమ్మిది ప్రశ్నలు గబగబా టిక్ పెట్టాను. పదోది, నాకు నేను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. పెన్ను అక్కడ ఆగిపోయింది. చేసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు, కానీ ఒకటి రెండు రాత్రులు, ఈ శరీరం బిడ్డకి పనికిరానిదైతే నేనుండి ఏం లాభం అనిపించింది. అది ఇందులోకి వస్తుందో రాదో తెలియదు. చాలా అరుదుగా అన్నచోట టిక్ పెట్టాను. మొత్తం 16.

ఆ టిక్ చూసి ఎవరూ నన్ను వింతగా చూడలేదు, తిట్టలేదు, నేను తల్లిగా పనికిరానని ఎవరూ అనలేదు. నేను భయపడింది అదే. డాక్టర్ గారు వేరే పేషెంట్లని ఆపి ఇరవై నిమిషాలు నాతో కూర్చున్నారు, మా ఆయన్ని లోపలికి పిలిచి ఆ కాగితం నా చేతనే చూపించారు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "నాతో చెప్పొచ్చు కదా" అని మాత్రం అన్నారు, చాలా నెమ్మదిగా. మర్నాడే కౌన్సెలర్ దగ్గరికి పంపారు. కాన్పు లోపల నాలుగుసార్లు వెళ్లాను, ఒక్కోసారి 50 నిమిషాలు. మందులు అవసరమైతే కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇవ్వగలిగినవి ఉన్నాయన్నారు, నాకు అప్పటికి అవసరం రాలేదు.

కౌన్సెలర్ చెప్పినవి పెద్దవేమీ కావు. లెక్క రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారే, నోట్‌బుక్ మా ఆయన దగ్గర. మిగతా రోజంతా లెక్క వద్దు, కానీ "ఈరోజు తేడాగా ఉంది" అనిపిస్తే టైమ్ ఎంతైందో చూడకుండా బయల్దేరడం. రాత్రి పడకగదిలో ఫోన్ ఉండకూడదు. రెండున్నరకి మెలకువ వస్తే ఒంటరిగా పడి ఉండకుండా ఆయన్ని లేపాలి, అదే నాకు అన్నిటికంటే కష్టమైంది. మూడో రాత్రి లేపాను. ఇద్దరం మాట్లాడకుండా వరండాలో కూర్చున్నాం. నాలుగింటికి నాకు నిద్రపట్టింది.

సెప్టెంబర్ 4, 36 వారాల 3 రోజులు, బరువు 2.27. ఇంకెందుకు ఆగడం, ఇప్పుడే తీసేయండి అని అడిగేశాను. 35వ వారంలో బిడ్డ మెదడు బరువు 39, 40 వారాలప్పటి బరువులో దాదాపు మూడింట రెండు వంతులేనని, డాప్లర్ నిలకడగా ఉన్నన్నాళ్లూ లోపలి ప్రతి రోజూ లాభమేనని, 37 దాటాక మాత్రం ఇక ఆగబోమని డాక్టర్ గారు చెప్పారు. సెప్టెంబర్ 9న రమ్మన్నారు. తేదీ తెలిశాక ఆ సాయంత్రం మొదటిసారి పాపకి నాలుగు చొక్కాలు కొన్నాం.

9వ తేదీ సాయంత్రం ఐదింటికి అడ్మిట్. ఇండక్షన్ (మందులతో నొప్పులు రప్పించడం) అంటే వెళ్లగానే నొప్పులు మొదలవుతాయనుకున్నాను. అలా కాదు. ముందు గర్భాశయ ముఖద్వారం మెత్తబడటానికి జెల్ పెడతారు, ఆరు గంటలు ఆగి చూస్తారు. నాకు రెండుసార్లు పెట్టారు. రాత్రంతా నెలసరి నొప్పిలాంటిదే తప్ప ఏమీ లేదు. 10వ తేదీ పొద్దున తొమ్మిదికి ఉమ్మనీటి సంచి చిదిపి డ్రిప్ పెట్టారు, అప్పుడు మొదలయ్యాయి అసలు నొప్పులు. బిడ్డ చిన్నది కాబట్టి మానిటర్ ఒక్క నిమిషం కూడా తీయలేదు, నడవడం కుదరలేదు. మధ్యాహ్నం రెండుసార్లు గుండె వేగం తగ్గితే నన్ను పక్కకి తిప్పి డ్రిప్ తగ్గించారు, ఆపరేషన్ కాగితం మీద సంతకం ముందే తీసుకుని ఉంచారు. అవసరం పడలేదు. రాత్రి తొమ్మిదీ నలభైకి పుట్టింది. ఆడపిల్ల, 2.34 కేజీలు. సన్నటి కాళ్లు, ముడతలు పడ్డ తొడలు, గది దద్దరిల్లేలా ఏడుపు.

ఏడవగానే నా గుండె మీద పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పారు. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి, బరువు తక్కువ బిడ్డలకి చక్కెర పడిపోతుందని మొదటి రోజంతా మడమ మీద పొడిచి రక్తం చూస్తూనే ఉంటారు. ఒకసారి కొంచెం తగ్గింది, పాలు పట్టాక సరిపోయింది. ఐసీయూకి వెళ్లాల్సిన పని రాలేదు. మాయని డాక్టర్ గారే చూపించారు, చిన్నగా, ఒక అంచున గట్టిపడి ఉంది. పరీక్షకి పంపారు. దాన్ని కళ్లతో చూశాక "సరిగ్గా తినట్లేదా" అన్న మాట నన్ను వదిలింది.

నాలుగో రోజు ఇంటికొచ్చాం. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం ఆపలేదు, కాన్పు అయిపోయింది కదా ఇంకెందుకు అని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు, మా ఆయన నోట్‌బుక్ తీసి చూపించారు.

నిన్న అక్టోబర్ 22, ఆరు వారాల చెకప్. పాప 3.6 కేజీలు. అదే సిస్టర్ పాపని ఎత్తుకుని, నాకు అదే కాగితం ఇచ్చారు. 7 వచ్చింది. పదో ప్రశ్న దగ్గర పెన్ను ఆగలేదు.